ఎర మాటలు వద్దు, ఏటి మాటలు నేర్చుకుందాం



పేతురును ప్రభువు మనుషులను పట్టేవాడిగా పిలిచిన సంగతి మనందరికీ తెలుసు. దాన్ని ఆధారం చేసుకొని "ఏ చేపకు ఆ ఎర వేయాలి" అని సువార్త పని గురించి చెప్పేవాళ్లున్నారు. ఇంగ్లిషు ప్రసంగాల్లో ఈ పోలికను ఫ్లై ఫిషింగ్‌తో చెబుతుంటారు. ఆ వేట నుంచి మనం ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో ఆలోచిద్దాం.

ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి వానపామును గుచ్చరు. ఈకలు, బొచ్చు, దారం చుట్టి నీటి పురుగులా కనిపించే ఎర కడతారు. దాని పేరే ఫ్లై. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలం వేట పుస్తకంలోనే 12 రకాల ఫ్లైల వివరాలున్నాయి.

ఆ వేటగాళ్ల మాటలు వినండి. మేఫ్లై అనే ఒక్క పురుగుకే వాళ్లు మూడు పేర్లు పెట్టారు. నీటి అడుగున ఉన్నంతకాలం నింఫ్. రెక్కలొచ్చి పైకి లేస్తే డన్. మరోసారి పొర విడిచి, మెరిసే రెక్కలతో గుడ్లు పెట్టడానికి వస్తే స్పిన్నర్. పురుగులు గుంపుగా పైకి రావడం హ్యాచ్. చేప వాటిని అందుకున్నప్పుడు నీటిమీద లేచే వలయం రైజ్. ఇవన్నీ గాలం వేయకముందు గట్టున నిలబడి ఓపికగా చూసినవాళ్లు పెట్టిన పేర్లు.

మరి మన మాటలో? ఎన్ని ఆత్మలు, ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని కుటుంబాలు! అన్నీ లెక్కలే. ఆ మనిషికి కౌలు పొలం పోయిందా, అప్పు పెరిగిందా, ఇంట్లో జబ్బుందా అన్నది మన రిపోర్టులో ఎక్కడ రాస్తున్నాం? ఏటిని చూసే ఆ ఓపిక మనం నేర్చుకోవాల్సిందే.

ఎర మాత్రం మనకొద్దు. "ఎర చూపాడు", "గాలం వేశాడు" అంటే మన ఊళ్లో మోసమనే అర్థం. ఫ్లైని ఎంత అందంగా కట్టినా లోపల ఉన్నది ముల్లే. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నిజమే. అయినా చేప నమ్మింది తిండిని, తగిలింది ముల్లు. పేతురు వృత్తి వలలది. వల కూడా పట్టేదే, కానీ తాను తిండినని చెప్పుకోదు. సువార్తల్లో గాలం కనిపించేది పన్ను కట్టే సందర్భంలో (మత్తయి 17:27). అక్కడ పట్టమన్నది చేపను, మనిషిని కాదు.

ఫ్లై ఫిషింగ్‌లో డ్రాగ్ అని ఇంకో మాట ఉంది. నీటి వడి దారాన్ని లాగేస్తే ఫ్లై సహజంగా తేలదు, ట్రౌట్ చేప దాన్ని ముట్టదు. బియ్యం మూట ఇచ్చి, "వచ్చే ఆదివారం మందిరానికి రండి" అంటే మూట వెనక దారం ఎవరికైనా కనిపిస్తుంది. ఆకలిగా ఉన్నవాడు మూట తీసుకుంటాడు, మన మాటను మాత్రం నమ్మడు.

కాబట్టి ప్రియులారా, ఇచ్చేది ఇద్దాం, దారం కట్టకుండా ఇద్దాం. ఈ వారం పక్కింటివాళ్లను ఏమీ అడగకుండా, వాళ్ల కష్టం ఏమిటో కూర్చుని విందాం. అలా వినే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.