పెరటి తోటకు కాంఫ్రీ కావాలా? గ్లైరిసీడియా చాలదా?

పెరటి తోటలపై ఆసక్తి పెరుగుతున్న కొద్దీ విదేశీ తోట పుస్తకాలు మెచ్చుకునే మొక్కలను మన పెరళ్ళలో పెంచాలన్న కోరిక కూడా పెరుగుతున్నది. అటువంటి వాటిలో కాంఫ్రీ ఒకటి. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఆకు కోసి ఎరువుగా వాడుకోవచ్చుననేది దాని ఆకర్షణ. ఆలోచన మంచిదే. అయితే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పెరళ్ళకు ఆ ఆలోచనను స్వీకరించి, మొక్కను మాత్రం మార్చుకోవడం మేలు.

కాంఫ్రీ యూరప్‌లోని చల్లని ప్రాంతాల మొక్క. తోటలలో పెంచే రష్యన్ కాంఫ్రీ రకాలను 1950వ దశకంలో ఇంగ్లండులోని బాకింగ్‌లో లారెన్స్ హిల్స్ పరీక్షించి ఎంపిక చేశారు. వాటిలో ‘బాకింగ్ 14’ గింజ కట్టదు, వేరు ముక్కలతోనే వృద్ధి చెందుతుంది. లోతుకు దిగే వేరు, పొటాష్ అధికంగా గల మెత్తని ఆకు, ఏడాదిలో పలు కోతలు దాని నిజమైన సుగుణాలు. కానీ అవి తేమ నిలిచే నేలలో, చల్లని వేసవిలో కనబడే సుగుణాలు. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఎండలో ఆ వెడల్పాటి ఆకు నిలవాలంటే నీడతో పాటు విడవకుండా నీరు కావాలి. కూరగాయలకే నీరు చాలని రోజులలో ఎరువు మొక్కకు నీరు పోయమనడం సరైన సలహా కాదు. పైగా ఇందులోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయానికి హాని చేస్తాయి. అందువల్లనే కడుపులోకి తీసుకునే కాంఫ్రీ ఉత్పత్తులను విపణి నుండి తొలగించాలని 2001లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచించింది.

ఈ పనిని మన పెరట్లో చేయగలిగినది గ్లైరిసీడియా. ఇది కూడా మధ్య అమెరికా నుండి వచ్చినదే. కనుక పరాయి మొక్క కావడం కాంఫ్రీపై అభ్యంతరం కాదు. వానకాలం, పొడికాలం వేరువేరుగా ఉండే చోట పుట్టినందున గ్లైరిసీడియా మన వాతావరణానికి ఇముడుతుంది. 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి వాటర్‌షెడ్‌లో ఇక్రిశాట్ చేపట్టిన కార్యక్రమంలో దీనిని పొలం గట్లపై నాటించారు. పప్పుజాతి మొక్క కావడం వల్ల గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. కిలో ఎండు ఆకులో సుమారు 25 నుండి 30 గ్రాముల నత్రజని ఉంటుంది.

అయితే నాటిన ప్రతి కొమ్మా బతకదు. కాంఫ్రీ పెంపకందారులు పాటించే ఒక నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది: వేరు కుదురుకునే వరకు ఆకుపై ఆశ పెట్టుకోరాదు. బొటనవేలి కన్నా లావైన, ముదిరిన, మీటరు పొడవు గల కొమ్మలను తొలకరి వానలకు నేల బాగా తడిసిన తరువాత జానెడు లోతున దడి వెంట నాటాలి. చెలక నేలల్లో విత్తనంతో పెంచిన నారు మొక్కలు మేలు. వాటి తల్లివేరు లోతుకు దిగి బెట్టను బాగా తట్టుకుంటుంది. రేగడి నేలల్లో నీరు నిలిచి కొమ్మ కుళ్ళకుండా మట్టిని ఎత్తు చేసి నాటాలి. వేసవిలో రేగడి నెర్రెలు విచ్చి వేళ్ళు తెగకుండా మొదట్లో చెత్త కప్పాలి. మొదటి వేసవిలో మాత్రం వారానికొకసారి నీరు అందించాలి. మొదటి ఏడాది ఆకు కోయరాదు. తరువాత నేల నుండి ముప్పావు మీటరు ఎత్తున ఏడాదికి రెండు, మూడు సార్లు కొట్టి, ఆ రొట్టను అరటి, నిమ్మ, వంగ మొదళ్ళలో పరచుకోవచ్చు.

పొటాష్ విషయంలో కాంఫ్రీదే పైచేయి అనే వాదన ఉంది. అది కాదనలేనిది. కానీ గెల కోసిన అరటి బోదెను ముక్కలుగా కోసి పాదుల్లో వేస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. చెలక నేలల్లో పొయ్యి బూడిదను కూడా కొద్దిగా వాడవచ్చు. క్షారగుణం గల రేగడికి బూడిద తగదు. గ్లైరిసీడియాలో కూడా విషగుణం లేకపోలేదు. ఎలుకలను చంపేదన్న అర్థంలోనే దానికి ఆ పేరు వచ్చింది. కనుక గింజలు, బెరడు పిల్లలకు, కోళ్ళకు అందకుండా చూడాలి.

పెరటి తోటల కోసం కూరగాయ విత్తన పొట్లాలు పంచుతున్న కృషి విజ్ఞాన కేంద్రాలు, వాటితో పాటు నాలుగు గ్లైరిసీడియా నారు మొక్కలు కూడా ఇవ్వాలి. విత్తనం ఒక పంటకే సరిపోతుంది. దడిలో కుదురుకున్న చెట్టు ఏటేటా నేలకు సత్తువనిస్తుంది. పెరట్లో రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టే అలవాటు మానితే ఆ సత్తువ రెట్టింపు ఫలమిస్తుంది. ఏ దేశపు మొక్క అన్నది కాదు, ఏ నేలలో, ఎంత నీటితో ఏ పని చేస్తుందన్నదే మన సలహాలకు కొలమానం కావాలి.