విరామము నెఱుగని కథ

దీర్ఘకథను కొలదికొలదిగా వినుట మనకు నూతనము కాదు. పురాణ కాలక్షేపమున పౌరాణికుడు నాటి ఘట్టము ముగించి పొత్తము మూయగా, శ్రోతలు ఇండ్లకు మరలుచు త్రోవలోనే పాత్రల ధర్మాధర్మములను తర్కించుకొనెడివారు. వారపత్రికలలో నవలలు ధారావాహికములుగా వెలువడిన దినములలో ఒక్క సంచిక ఇంటింట చేతులు మారి, నాయికకు రానున్న ఆపదనుగూర్చి వారమంతయు ఊహలు సాగెడివి. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో ఆరంభమైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ఆదివారపు ప్రొద్దునకే యొక నియమము కల్పించినది: టీవీ లేనివారు ఉన్నవారి యింటికి వచ్చి చాపలపై కూర్చుండిరి, కొందరు ఆ పెట్టెకే పూలదండ వేసి అగరువత్తి వెలిగించిరి.

ఈ ధారావాహిక రూపము నవలకు గల గాంభీర్యమును అందుకొనగలదనుటకు అమెరికా టీవీ ధారావాహిక ‘ది వైర్’ చాలును. మాజీ పత్రికా విలేఖరి డేవిడ్ సైమన్, పోలీసు ఉద్యోగమును ఉపాధ్యాయవృత్తిని ఎఱిగిన ఎడ్ బర్న్స్‌తో కూడి, 2002 మొదలు 2008 వఱకు 60 భాగములలో బాల్టిమోర్ నగరమును తెరచి చూపెను. నాలుగవ సీజన్‌లో ఎనిమిదవ తరగతి బాలురు నలుగురు. వారిలో ముగ్గురు కన్నులయెదుటనే చేజారిపోగా, ఒక్కడు మాత్రము మాజీ పోలీసు అధికారి యింట ఆశ్రయము దొరకి ఒడ్డున పడును. ఈ పతనక్రమము రెండున్నర గంటల చలనచిత్రమున ఇముడునది కాదు.

అయితే 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ 13 భాగములను ఒక్కనాడే విడుదల చేసినది మొదలు చూచు తీరే మారినది. ఒక భాగము ముగిసి పేర్లు కనబడునో లేదో, తెరమూలన తరువాతి భాగపు గురుతు వెలుగును. మనము వ్రేలు కదపకున్నను కొన్ని క్షణములలో కథ మొదలగును. ఒక బాలుడు చెడిపోయినందుకు వగచుటకైనను వ్యవధి లేదు. రచయిత ఏండ్ల తరబడి పేర్చిన దుఃఖమును ప్రేక్షకుడు ఒక్క రాత్రి నిద్ర మాని మ్రింగుచున్నాడు. పాత్ర మన మనస్సున కాపురముండునది రెండు భాగముల నడుమనే యని నా దృఢవిశ్వాసము.

‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వంటి మన ధారావాహికములలో సాగదీత ఎంత యున్నను, అవి ఇంటిల్లిపాదిని ఒక్కచోట కూర్చుండబెట్టినవి. అత్తయు కోడలును ఒకే పాత్రనుగూర్చి వాదులాడుకొనిరి. నేడు అదే యింట నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు కథలు చూచుచున్నారు. కథ యొక్కటే యైనను, ఒకరు మూడవ భాగమున నుండగా వేఱొకరు పదియవది ముగించి యుందురు కావున, ‘ముందు చెప్పవద్దు’ అనుటతోనే సంభాషణ ఆగిపోవును.

వేళకాని వేళ కొలువునుండి మరలువారికిని, వంటిల్లు సర్దుకొనినగాని కూర్చుండ నోచని గృహిణులకును, నియతవేళా నిర్బంధము తొలగుట గొప్ప మేలు. దానిని నేను కాదనను. కాని వారమున కొక భాగము వెలువడినను ఆ స్వేచ్ఛకు భంగము లేదు. వెలువడినదానిని ఎవరి తీరికవేళ వారు చూచుకొనవచ్చును. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 2011 నుండి 2019 వఱకు వారమువారము వచ్చియే లోకమును కట్టిపడవేసినది. తెలుగున వెబ్ సిరీస్ నిర్మించువారు అన్ని భాగములను ఒక్క రాత్రి కుమ్మరింపక శుక్రవారమున కొకటి చొప్పున ఈయవలెనని నా విన్నపము. అప్పుడు ప్రతి భాగమును, మఱునాడు నలుగురు మాటలాడుకొనదగిన విషయ మొకటి మిగులునట్లు వ్రాయు బాధ్యత రచయితలపై పడును.