దయ్యమనుకొనేముందు

కొన్నేళ్ల క్రితం కర్నూలు సమీప గ్రామం నుండి పదహారేళ్ల బాలికను నా వద్దకు తీసుకొనివచ్చారు. మూర్ఛలు, అకారణ రోదన, పరధ్యానం. అప్పటికే మూడు అమావాస్యలు భూతవైద్యం చేయించారు. నేను కషాయం ఇవ్వలేదు, పెద్దాసుపత్రికి పంపాను. స్కానింగులో మెదడునందు బద్దెపురుగు తిత్తులు కనిపించాయి.

“మేము కోడిగుడ్డయినా ముట్టమే, సామీ!” అన్నది తల్లి. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవారి పేగులో ఈ పురుగు పెరుగుతుంది. వారి మలంలోని గుడ్లు అశుభ్రమైన చేతులు, నీరు, కడగని ఆకుకూరల ద్వారా శాకాహారి నోటికీ చేరుతాయి. ఈ వ్యాధి ప్రబలిన అనేక ప్రాంతాలలో మూర్ఛరోగాలలో 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కొందరిలో దిగులు, జ్ఞాపకశక్తి లోపం కూడా కలుగుతాయి. మనోవ్యాధులన్నీ క్రిముల వల్లనే వస్తాయని దీని అర్థం కాదు.

చరకుడు 20 విధాల క్రిములను పేర్కొని, క్రిమిని తొలగించడం, అది పెరిగే స్థితిని చెరచడం, కారణాన్ని వర్జించడం అనే మూడు మార్గాలు బోధించాడు. మూడవది గృహిణుల చేతిలోనే ఉన్నది. పేగు క్రిములకు వాయువిడంగాలను గురువుగారు నాకు నేర్పారు; మెదడులోని తిత్తులకు వాటిని నమ్ముకొమ్మని నేను చెప్పను. అటువంటి రోగి నులిపురుగుల బిళ్ళనైనా వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు. మెదడు వాచే ప్రమాదమున్నది.

కనుక భోజనానికి ముందు సబ్బు, తాయెత్తుకు ముందు వైద్యపరీక్ష.