ఫ్యూజు మీద ఇంత చులకనా?

హారన్ మోగకపోతే ఫ్యూజు పోయిందంటారు. తిట్లన్నీ దానికే. ఎందుకు పోయిందని అడిగేవాళ్లు అరుదు. కొత్తది వేసినా పోయిందనుకోండి, "ఈ గొడవెందుకన్నా, డైరెక్ట్ చేసెయ్" అంటారు. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు ఉండాల్సిన చోట 30 ఆంపియర్ల ఆకుపచ్చది దూరుస్తారు, అదీ లేకపోతే మెలేసిన రాగి తీగ.

అసలు ఫ్యూజు ఉన్నది హారన్ కోసం కాదు, వైరు కోసం. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని బ్యాటరీని తేలిగ్గా తీసుకుంటాం. స్టార్టరు తిప్పడానికి వందల ఆంపియర్లిచ్చే బ్యాటరీ, బాడీకి రాసుకుని తొడుగు చిరిగిన సన్న వైరులోకి కూడా అంతే ధారాళంగా పోస్తుంది. డాష్‌బోర్డు వెనక పొగ లేచేలోపే ఫ్యూజులోని జింకు పట్టీ తెగిపోవాలి, తెగుతుంది కూడా. పోయిన ఫ్యూజును పారేయకుండా వెలుతురుకి పట్టి చూడండి. పట్టీ కరిగి చిన్న సందు మాత్రమే ఉంటే లోడు ఎక్కువైనట్టు. ప్లాస్టిక్ లోపల నల్లగా మసి చిమ్మి ఉంటే షార్టయినట్టు. పోతూ పోతూ ఇంత సమాచారం ఇచ్చే భాగం బండిలో ఇంకోటి చూపించండి!

ఇప్పుడందరికీ సర్క్యూట్ బ్రేకర్ ముద్దు. మార్చక్కర్లేదు, దానంతటదే మళ్లీ కలుస్తుందట. నా బాధ సరిగ్గా అక్కడే. లోపలి బైమెటల్ పట్టీ వేడికి వంగి తెగుతుంది, చల్లారగానే కలుస్తుంది. షార్టు అలాగే ఉంటే మళ్లీ కరెంటు, మళ్లీ వేడి. ప్రతిసారీ ఆ వైరు ఇంకాస్త కాలుతుంది, డ్రైవరుకి మాత్రం ఏమీ తెలియదు. పవర్ విండోకి అది సరైనదే. అద్దం పైదాకా వెళ్లాక కూడా పిల్లలు బటన్ వదలరు, మోటారు కాసేపు ఆగి మళ్లీ తిరగాలి. పాత కార్లు కొన్నింటిలో హెడ్‌లైట్లకీ అదే పెట్టేవారు, రాత్రిపూట దారి మధ్యలో ఒక్కసారిగా చీకటి కమ్మకుండా. అదీ న్యాయమే. చేత్తో నొక్కితేగాని కలవని రకంతోనూ నాకు పేచీ లేదు. కానీ మ్యూజిక్ సిస్టమ్‌కీ ఎగస్ట్రా లైట్లకీ దానంతటదే కలిసే బ్రేకరు దేనికి?

ఆ ఎగస్ట్రా లైట్లకి నేనడిగేది ఒక్క ఫ్యూజు హోల్డరు, అదీ బ్యాటరీకి జానెడు దూరంలో. లైటు దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకి దిక్కెవరు? లైట్లకి వేలు పోసిన మనిషే, బిల్లులో ఆ హోల్డరు కనబడగానే "అన్నా, ఇదొక్కటి తీసెయ్" అంటాడు.