అరవైకి ఒక్కటి తక్కువ

డిక్సీ డీన్ 60 గోల్స్ సంగతి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. 1927-28లో ఎవర్టన్ తరఫున కొట్టాడు. ఆ లీగ్ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సంతోషం. అతను బద్దలుకొట్టిన రికార్డు ఎవరిదో మాత్రం అడిగి చూడండి, నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు.

అది జార్జ్ కామ్‌సెల్‌ది. సరిగ్గా అంతకుముందు సీజన్‌లో, మిడిల్స్‌బరో తరఫున, 37 మ్యాచ్‌లలో 59 గోల్స్.

డరమ్ బొగ్గుగనుల నుంచి వచ్చినవాడు. ఆ సీజన్ మొదట్లో టీమ్‌లో చోటే లేదు. జట్టు సెంటర్ ఫార్వర్డ్ మెక్లెలండ్ ఆడలేని స్థితిలో ఉంటే ఆ ఖాళీలో దింపారు. ఇక ఆపేవాళ్లు లేరు. 1926 క్రిస్మస్ రోజున మాంచెస్టర్ సిటీని వాళ్ల మైదానంలోనే మిడిల్స్‌బరో 5-3తో ఓడించింది. ఆ ఐదూ కామ్‌సెల్‌వే! ఏడాది మొత్తం మీద తొమ్మిది హ్యాట్రిక్‌లు. 'అది సెకండ్ డివిజనే కదా' అని తీసిపారేసేవాళ్లున్నారు. నిజమే, డీన్ కొట్టింది ఫస్ట్ డివిజన్‌లో, కాదనను. 'ఆఫ్‌సైడ్ రూలు సడలించారు కాబట్టే' అనేవాళ్లూ ఉన్నారు. 1925లో సడలించిన ఆ రూలు డీన్‌కు మాత్రం కలిసిరాలేదా? మరుసటి ఏడాది అదే ఫస్ట్ డివిజన్‌లో, చిట్టచివరి స్థానంతో కిందికి పడిపోయిన జట్టులో ఉండి, కామ్‌సెల్ 33 గోల్స్ కొట్టాడు. దానికేమంటారు?

అసలు కడుపు మండేది ఇంగ్లండ్ జట్టు దగ్గర. అప్పట్లో జట్టును ఎంచేది మేనేజరు కాదు, ఫుట్‌బాల్ అసోసియేషన్ కమిటీ పెద్దలు. 1929 మేలో పారిస్‌లో ఫ్రాన్స్ మీద రెండు గోల్స్. రెండు రోజుల తర్వాత బ్రసెల్స్‌లో బెల్జియం మీద నాలుగు. ఆ అక్టోబరులో బెల్‌ఫాస్ట్‌లో రెండు, నవంబరులో వేల్స్ మీద మూడు. నాలుగు మ్యాచ్‌లు, పదకొండు గోల్స్. ఆ తర్వాత నాలుగేళ్లపాటు ఇంగ్లండ్ చొక్కా వేసుకోలేదు. ఒకటి రెండుసార్లు గాయాలు అడ్డొచ్చాయనుకుందాం. నాలుగేళ్లూ అడ్డొచ్చాయా?

1933 డిసెంబరులో తిరిగి వచ్చి ఫ్రాన్స్ మీద మళ్లీ రెండు కొట్టాడు. మళ్లీ రెండేళ్లు లేడు. 1935లో జర్మనీ మీద రెండు. 1936లో వెంబ్లీలో స్కాట్లండ్‌తో 1-1. ఆ మ్యాచ్ గురించి రాసేవాళ్లంతా టామీ వాకర్ పెనాల్టీనే చెబుతారు. గాలికి బంతి దొర్లిపోతుంటే, మళ్లీ తెచ్చి చుక్క మీద పెట్టి, తొణక్కుండా కొట్టాడట. బాగుంది, ఇంగ్లండ్ గోల్ కొట్టిందెవరో కూడా ఒక ముక్క రాయొచ్చుగా? కామ్‌సెలే! ఆ మేలో ఆస్ట్రియా మీద ఒకటి, బెల్జియం మీద ఒకటి. ఇక పిలవలేదు.

మొత్తం తొమ్మిది మ్యాచ్‌లు, 18 గోల్స్. గోల్ కొట్టని మ్యాచ్ ఒక్కటీ లేదు. డీన్ కూడా ఇంగ్లండ్‌కు 18 గోల్సే కొట్టాడు, 16 మ్యాచ్‌లలో.

ఆట మానాక కామ్‌సెల్ అదే క్లబ్‌లో పనిచేశాడు, 1966లో పోయాడు. లీగ్‌లో క్లబ్‌కు 325 గోల్స్ ఇచ్చాడు. ఇప్పటి రివర్‌సైడ్ స్టేడియం బయట విగ్రహాలున్నాయి, క్లబ్ పాత ఆటగాళ్లు మానియన్‌కూ హార్డ్‌విక్‌కూ. వాళ్లూ గొప్పవాళ్లే, పేచీ లేదు. ఇంగ్లండ్ స్కోరర్ల జాబితాలు అచ్చువేసేవాళ్లను మాత్రం ఒకటి అడుగుతున్నాను: గోల్స్ లెక్క పక్కనే ఆడిన మ్యాచ్‌ల లెక్క కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.