కర్రకలానికి ఏ రంగు?

ఆస్ట్రేలియాలో చాలా ఊళ్ళలో కర్రపని నేర్పే షెడ్లున్నాయి. వాటిలో చేరిన మనవాళ్ళు లేతు మీద తరచు మొదట తీసేది కలమే. చిన్న ముక్క చాలు, ఒక పూటలో పని తెములుతుంది. జారా వంటి ఎర్రకలపకు రంగు అక్కరలేదు. లేత కలపైతే నీలమో పచ్చో వేయాలని పిల్లలు పేచీ పెడతారు. "సహజమైన రంగైతే భయం లేదు కదా, డాక్టరుగారూ?" అని మమ్మల్ని అడుగుతుంటారు. కలం చివర కొరకని పిల్లలు అరుదు గనుక ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నే.

మనవాళ్ళకు తెలిసిన పద్ధతి ఏటికొప్పాకది. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కపిడతలను ఎరగని తెలుగువారుండరు. తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. రసాయనపు రంగులొచ్చి పాతవి మరుగున పడితే, సి.వి. రాజుగారు ఆకుల, వేర్ల, గింజల రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి.

అయినా "సహజం" అన్న మాట ఒక్కటే చాలదు. పచ్చని తాళకం నేలలో దొరికేదే, కాని అది ఆర్సెనిక్. ఎర్రని ఇంగిలీకంలో ఉన్నది పాదరసం. ఇక సీసం సంగతి ఈ దేశమే ప్రపంచానికి చెప్పింది. బ్రిస్బేన్ పిల్లల సీసపు జబ్బుకు మూలం వరండా కటకటాల రంగేనని కంటివైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లో రాశారు. రాలిన రంగుపొడి వేళ్ళకంటి నోటికి పోయేది. పిల్లలకందే చోట ఆ రంగు కూడదని క్వీన్స్‌లాండ్‌లో చట్టం రావడానికి 1922 దాకా పట్టింది.

కనుక చెట్టుదా, ఫ్యాక్టరీదా అని కాక, అందులో ఏమున్నదని అడగాలి. ఏమున్నదో రాయని డబ్బా కొనవద్దు. నీళ్ళలోనో స్పిరిటులోనో కరిగే రంగు కర్రలోకి ఇంకుతుంది, పైన పూత లేకపోతే చెమటకు చేతికంటుతుంది. పూతకు లక్క మంచిదే, మందుమాత్రల మీద కూడా వేస్తారు. కాని అది స్పిరిటుకు కరుగుతుంది. రోజంతా చేతులకు స్పిరిటు మందు రాసుకునే మావంటి వాళ్ళ జేబులో లక్కకలం నాలుగు రోజులుండదు. పసుపు రంగు ఇక్కడి ఎండకు త్వరగా వెలిసిపోతుంది, నీలిమందు అంతకంటె నిలుస్తుంది. రంగు వేసిన కర్రను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు, పిల్లలను దూరంగా ఉంచాలి.

ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ కలాన్ని పెద్దవాళ్ళ జేబులోనే ఉంచండి.