మంచి బడిని గుర్తించడం ఎలా?

వేసవి వచ్చిందంటే మన క్వార్టర్లలో ఏ నలుగురు తల్లిదండ్రులు కలిసినా ఒకటే చర్చ: "పిల్లవాణ్ణి ఏ బడిలో చేర్పిద్దాం?" బదిలీపై కొత్త ఊరు చేరిన ఉద్యోగికి ఈ బెంగ మరీ ఎక్కువ. పదవ తరగతి ఫలితాల ప్రకటనలు చూసి అప్పుచేసైనా ఫీజు కడతాం. అయితే, తెలివైన పిల్లలనే ఏరి చేర్చుకునే బడికి మంచి మార్కులు వస్తే, అందులో బడి ప్రతిభ ఎంత? పిల్లల ప్రతిభ ఎంత?

ఈ విషయంలో అమెరికా అనుభవం ఆలోచింపదగినది. 1991లో మిన్నెసోటా రాష్ట్రం 'చార్టర్ పాఠశాలల' చట్టం చేసింది. ధనం ప్రభుత్వానిది, నిర్వహణ స్వేచ్ఛ పాఠశాలది. ఫీజు ఉండదు. ఆశించిన ఫలితాలు చూపలేని బడి అనుమతి రద్దు కావచ్చు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీస్తారు. ఆ లాటరీయే పరిశోధకులకు త్రాసు అయింది. సీటు దక్కినవారు, దక్కనివారు మొదట ఒకే స్థాయివారు కనుక తరువాత కనిపించే తేడా బడి వలన కలిగినదే. ఈ త్రాసులో బోస్టన్ నగరపు చార్టర్ బడులు బాగా నెగ్గాయి. కాని అన్ని చోట్లా అలా లేదు. 2009లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యయనం మరో పద్ధతిలో పోల్చి చూడగా, గణితంలో 17 శాతం చార్టర్ బడులు సాధారణ ప్రభుత్వ బడులను మించాయి. 37 శాతం వెనుకబడ్డాయి.

ఇటువంటి లాటరీ పరీక్ష మన తెలుగునాట కూడా జరిగింది. 2008 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలలో, ప్రభుత్వ బడి పిల్లలు కొందరికి ప్రైవేటు బడిలో చదివే అవకాశాన్ని లాటరీ ద్వారా కల్పించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల ఈ అధ్యయనం 2015లో ప్రచురితమైంది. నాలుగేళ్ళ తరువాత తెలుగు, గణితాలలో ఇరువర్గాలకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయమిచ్చి, తలకు మూడవ వంతు కంటె తక్కువ ఖర్చుతోనే ఈ ఫలితం సాధించాయన్నది కూడా గమనార్హం.

కనుక బడి బోర్డును చూసి నిర్ణయించుకోవద్దు. ఒక పూట వెళ్ళి చూడండి. మూడవ తరగతి పిల్లవాడు ఒక పేజీ తడబడక చదువుతున్నాడా? నోటు పుస్తకాలు దిద్దుతున్నారా? ఉపాధ్యాయులు ఏటేటా మారిపోతున్నారా? ర్యాంకు వచ్చిన విద్యార్థి తండ్రిని కాక, సగటు విద్యార్థి తల్లిని అడగండి. వెనుకబడిన బిడ్డను ఒక్క మెట్టు పైకెక్కించగల బడే మంచి బడి.